చిన్న నిఘా డ్రోన్లు: హన్మకొండ షాపులో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో నాది డ్రోన్లు బాగుచేసే చిన్న షాపు. పెళ్లిళ్ల సీజన్‌లో వీడియో డ్రోన్లు వస్తాయి, నాట్లు పడ్డాక మందు కొట్టే డ్రోన్లు వస్తాయి. 2025 మే నెలలో సరిహద్దు డ్రోన్ల వార్తలతో టీవీలు మోగిపోయాక, ప్రొపెల్లర్ మార్పించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా స్టూలు లాక్కుని సైన్యం డ్రోన్ల గురించి అడగడం మొదలుపెట్టారు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది. అందుకే రాసి పెడుతున్నాను. నేను సైన్యంలో చేయలేదు. పదిమందికీ తెలిసేలా బయటికొచ్చిన సమాచారం, ఇన్నేళ్లుగా విప్పి బిగించిన అనుభవం, నా దగ్గరున్నవి ఈ రెండే.

సైన్యం డ్రోన్ అంటే విమానమంత ఉంటుంది కదా, చిన్నవి కూడా ఉంటాయా?

టీవీలో చూపించేవి ఎక్కువగా పెద్దవి. హైదరాబాద్‌లో తయారయ్యే హెర్మెస్ 900 రకం అలాంటిదే. దానికి రన్‌వే కావాలి, హ్యాంగర్ కావాలి, దాని వెనక ఒక పెద్ద బృందం ఉండాలి. నేను చెప్పేవి అవి కావు. సైనికుడు వీపున సంచిలో మోసుకెళ్లి, అక్కడికక్కడే ఎగరేసి, ముందున్న గుట్ట అవతల ఏముందో చూసుకునేవి. వీటిలో అన్నిటికంటే చిన్నది నార్వేలో పుట్టిన బ్లాక్ హార్నెట్. మొదటి రకం బరువు 20 గ్రాములు కూడా లేదు, పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. దోసిట్లో పెట్టుకుంటే తూనీగలా ఉంటుంది. పెద్దవాటి వైపు వెళ్తే మూడు మీటర్ల రెక్కలు, 15, 20 కిలోల బరువు దాకా ఉంటాయి. వాటికి కూడా రన్‌వే అక్కర్లేదు, గులేరులా లాగి వదిలే ఒక పట్టా చాలు.

మా పెళ్లి డ్రోన్‌కీ సైన్యం డ్రోన్‌కీ అసలు తేడా ఏంటన్నా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఎగరడంలో పెద్ద తేడా లేదు. మోటార్లు, బ్యాటరీ, జీపీఎస్, కెమెరా ఊగకుండా పట్టే గింబల్, అన్నీ మనం ఎరిగిన సామానే. తేడా మూడు చోట్ల ఉంది.

ఒకటి, సిగ్నల్. మీ డ్రోన్‌కీ రిమోట్‌కీ మధ్య నడిచే మాట వినడానికి పరికరాలున్నాయి. ఈ డ్రోన్లు చేసే చైనా కంపెనీ డీజేఐయే ఏరోస్కోప్ అనే పెట్టెను అమ్మేది. ఆ కంపెనీ డ్రోన్ ఎక్కడ ఎగురుతోందో, ఎగరేసేవాడు ఎక్కడ నిలబడ్డాడో రెండూ అందులో కనిపించేవి. యుద్ధంలో అలా కనిపించడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సైన్యం డ్రోన్‌లో ఆ మాటంతా ఎన్‌క్రిప్షన్‌లో, అంటే బయటివాడికి అర్థం కాని గుర్తుల్లో ఉంటుంది, ఫ్రీక్వెన్సీ కూడా ఒకచోట నిలవకుండా మారుతుంటుంది.

రెండు, వాడకం. వానలో, దుమ్ములో, మంచులో, నిద్రలేని మనిషి చేతిలో కూడా పనిచేయాలి. మన దగ్గర కెమెరా లెన్స్ మీద పసుపు నీళ్లు పడితేనే షాపుకు పరుగెత్తుకొస్తారు.

మూడు, లోపలి సామాను ఎక్కడిదన్నది. ఇది కొత్తగా పుట్టిన తలనొప్పి. చైనా భాగాలున్నాయన్న కారణంతో సరుకులు మోసే 400 డ్రోన్ల ఒప్పందాలను మన ప్రభుత్వం రద్దు చేసిందని 2025 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. బోర్డు ఎక్కడో తయారైతే అందులో ఏం దాచారో ఎవరికి తెలుసు, అదీ భయం. చైనా సామాను ముట్టకుండా డ్రోన్ చేయడం ఎంత కష్టమో నా షాపులో ఏ డబ్బా తెరిచినా తెలుస్తుంది.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఉక్రెయిన్ యుద్ధంలో రెండు వైపులా నిఘా పనిలో పెద్ద భాగం చేసింది ఈ పెళ్లి డ్రోన్లే. డీజేఐ మావిక్ 3 బరువు కిలో లోపే, కంపెనీ లెక్క ప్రకారం 46 నిమిషాలు ఎగురుతుంది. 2022 ఏప్రిల్‌లో డీజేఐ రష్యా, ఉక్రెయిన్ రెండు దేశాల్లోనూ అమ్మకాలు ఆపేసింది. అయినా దొడ్డిదారిన చేరుతూనే ఉన్నాయి. పోతే పోయింది, ఇంకోటి తెచ్చుకోవచ్చు అన్న ధైర్యమే వాటి బలం.

ఏ దేశం దగ్గర ఏ డ్రోన్ ఉంది?

జాబితా చదివితే నిద్రొస్తుంది. కథ ఉన్నవి చెబుతాను.

అమెరికా రావెన్. రెండు కిలోల లోపు బరువు, 1.37 మీటర్ల రెక్క. పిల్లలు కాగితం విమానం విసిరినట్టు చేత్తో విసరడమే. గంట, గంటన్నర ఎగురుతుంది, సుమారు 10 కిలోమీటర్ల దాకా పోతుంది. దిగడం చూస్తే మాత్రం కొత్తవాళ్ల గుండె ఆగుతుంది. గాల్లోనే ఆగినట్టై నేల మీద దబ్బున పడి ముక్కలుగా విడిపోతుంది. విరిగిపోయిందనుకుంటాం, కానీ దాన్ని చేసిందే అలా. దెబ్బ తాలూకు బలమంతా ముక్కలు విడిపోవడంలో ఖర్చయిపోతుంది, మళ్లీ తగిలించుకుని ఎగరేయడమే. నాకైతే ఈ ఆలోచన మహా నచ్చింది. ఇరవై ఏళ్లు ప్రపంచమంతా తిరిగిన ఈ రావెన్‌ను పక్కన పెడుతున్నట్టు అమెరికా సైన్యం 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ స్థానంలోకి నాలుగు ఫ్యాన్ల చిన్న డ్రోన్లు వస్తున్నాయి. రావెన్‌కు అన్నలాంటి ప్యూమా ఇంకా ఉంది. దాని రెక్క 2.8 మీటర్లు, నీళ్ల మీద కూడా దిగుతుంది.

అదే దేశపు స్కాన్ ఈగిల్ మొదట యుద్ధం కోసం పుట్టలేదు. సముద్రంలో ట్యూనా చేపల గుంపులు ఎక్కడున్నాయో పడవల వాళ్లకు చూపించడానికి మొదలైన డిజైన్ అది. 20 గంటలకు పైగా గాల్లో ఉండగలదు. దిగేటప్పుడు నేలకు రాదు. నిలువుగా వేలాడే తాడుకు రెక్క చివరనున్న కొక్కెం తగిలించుకుని ఆగుతుంది, గబ్బిలం లాగా.

రష్యా ఓర్లాన్-10. రెక్క 3.1 మీటర్లు, పెట్రోల్ ఇంజిన్, పది గంటలకు పైగా ఎగురుతుంది, పారాచూట్‌తో దిగుతుంది. ఎక్కువగా రెండు మూడు కలిసి తిరుగుతాయి. ఒకటి చూస్తుంటే ఇంకోటి సిగ్నల్ అందిస్తుంది. లీర్-3 అనే ఏర్పాటులో ఇదే ఓర్లాన్ సెల్ టవర్‌లా నటించి కింద సైనికుల ఫోన్లకు మెసేజ్‌లు పంపుతుంది. 'మీ పని అయిపోయింది, లొంగిపోండి' తరహావి. బ్యాంకు పేరుతో వచ్చే మోసపు మెసేజ్‌లకు ఇది పెద్దన్న.

బ్రిటన్ సైన్యం బ్లాక్ హార్నెట్‌ను అఫ్ఘానిస్తాన్‌లో వాడింది. గోడ అవతల ఎవరున్నారో తల ఎత్తకుండా చూడటానికి. 160 యూనిట్లకు రెండు కోట్ల పౌండ్ల ఒప్పందం అని 2013లో వచ్చింది. భాగిస్తే ఒక్కొక్కటి లక్షా పాతిక వేల పౌండ్లు. తూనీగ ధర విని మా షాపులో ఒకాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఇజ్రాయెల్ ఈ రంగానికి ముత్తాత లాంటిది. వాళ్ల సైన్యంలో స్కైలార్క్ అనే చేతి డ్రోన్ల కోసం ప్రత్యేకంగా ఒక యూనిట్టే ఉంది. జర్మనీకి అలాదిన్, పోలండ్‌కు ఫ్లైఐ, ఫ్రాన్స్‌కు అర కిలో అనాఫీ ఉన్నాయి. టర్కీ పేరు చెబితే అందరికీ బాంబులేసే టీబీ2 గుర్తొస్తుంది కానీ, దాన్ని చేసే కంపెనీ తమ సైన్యానికి మొదట ఇచ్చింది చేత్తో విసిరే బైరక్తార్ మినీ, 2007లో.

మన సైన్యం దగ్గర?

ఉన్నాయి, బాగానే పెరిగాయి. ఐఐటీ బాంబే కుర్రాళ్లు పెట్టిన ఐడియాఫోర్జ్ కంపెనీ, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోతో కలిసి చేసిన నేత్ర డ్రోన్ మన పోలీసులకు, పారామిలిటరీ బలగాలకు చాలాకాలంగా తెలిసినదే. అదే కంపెనీ స్విచ్ డ్రోన్ కోసం 2021 జనవరిలో సైన్యం సుమారు రెండు కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. స్విచ్ హెలికాప్టర్‌లా నిలువుగా లేచి, పైకెళ్లాక విమానంలా రెక్కల మీద సాగుతుంది. ఆరున్నర కిలోల బరువు, సుమారు రెండు గంటల ప్రయాణం.

దాని గొప్ప ఎక్కడుందంటే, 4,000 మీటర్ల ఎత్తున్న చోటు నుంచి కూడా లేవగలదు. అంత ఎత్తులో గాలి సాంద్రత మన వరంగల్‌లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. పలచని గాలిని ఎంత తోసినా ఫ్యాన్‌కు పట్టు దొరకదు, మోటారు ఎక్కువ తిరగాలి, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. పైగా చలికి బ్యాటరీ సగం చచ్చిపోయి ఉంటుంది. లద్దాఖ్‌లో ఎగిరే డ్రోన్ వేరే జాతి అని ఊరికే అనరు. 2020లో గల్వాన్ గొడవ తర్వాత చండీగఢ్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్ చేసిన 'భారత్' అనే చిన్న డ్రోన్ కూడా తూర్పు లద్దాఖ్ కాపలాకు వెళ్లింది.

రాత్రి కూడా కనిపిస్తుందా?

థర్మల్ కెమెరా ఉంటే కనిపిస్తుంది. అది వెలుతురును కాదు, వేడిని చూస్తుంది. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనిపించని కిరణాలు వదులుతుంది. చుట్టుపక్కల కంటే వేడిగా ఉన్నది తెల్లగా, చల్లగా ఉన్నది నల్లగా తెర మీద పడుతుంది.

ఇక్కడే మన ప్రాంతపు మెలిక ఒకటుంది. చలికాలం రాత్రి మనిషి, పశువు, ఇప్పుడే ఆపిన బండి ఇంజిన్, అన్నీ దీపాల్లా వెలుగుతాయి. అదే కెమెరాను మే నెల మిట్టమధ్యాహ్నం రామగుండం దగ్గర పైకి పంపండి. గాలే 45 డిగ్రీలు, బండరాయి ఇంకా ఎక్కువ. మనిషి చర్మం 35 దగ్గర ఉంటుంది. అప్పుడు మనిషి తెల్లగా కాదు, నల్లటి చుక్కగా కనిపిస్తాడు. నేల వేడీ మనిషి వేడీ ఒకటయ్యే ఘడియలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తాయి. ఆ కాసేపు కెమెరా ఎంత ఖరీదైనదైనా గుడ్డిదే. ఒక ఎండాకాలం పొద్దు గుంకాక అప్పు తెచ్చిన థర్మల్ కెమెరాతో పద్మాక్షి గుట్ట వైపు చూశాను. పగలంతా కాగిన బండలు రాత్రి తొమ్మిదైనా మెరుస్తూనే ఉన్నాయి. బండ ఏదో మేక ఏదో చెప్పడానికి అది కదిలేదాకా ఆగాల్సి వచ్చింది.

చెట్ల కింద ఉన్నవాళ్లు కనిపిస్తారా?

అది అడవి చెప్పాలి. థర్మల్ కెమెరా ఆకుల్లోంచి చూడలేదు. ఆకుల సందుల్లోంచే చూస్తుంది. ఏటూరునాగారం, తాడ్వాయి అడవులు ఎక్కువగా ఆకు రాల్చే రకం. టేకు ఎండాకాలానికి బోడిగా నిలబడుతుంది, పైనుంచి నేల కనిపిస్తుంది. జూలై వచ్చేసరికి అదే అడవి గొడుగు పట్టినట్టు మూసుకుపోతుంది. 2025 ఏప్రిల్, మే నెలల్లో ములుగు సరిహద్దులోని కర్రెగుట్టల మీద మావోయిస్టుల కోసం భద్రతా బలగాలు పెద్ద ఆపరేషన్ చేసినప్పుడు డ్రోన్లు వాడారు. అది కూడా ఆకు రాలిన కాలమే.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి చెప్పాలి. అదే కాలంలో ఊళ్లవాళ్లు తునికాకు సేకరణకు తెల్లవారకముందే అడవిలోకి పోతారు. పైనున్న కెమెరాకు వాళ్లు వరుసగా నడిచే ఐదారు తెల్లటి చుక్కలు. భుజం మీదున్నది కర్రా, తుపాకీనా, ఆకు మూటా అన్నది 200 మీటర్ల ఎత్తు నుంచి చాలాసార్లు తేలదు. డ్రోన్ చెప్పేది 'అక్కడ మనుషులున్నారు' అనే. ఎవరన్నది చెప్పాల్సింది తెర ముందు కూర్చున్న మనిషి. ఆ మనిషికి ఆ అడవి, ఆ ఊరు, ఆ నెలలో జరిగే పని తెలిసి ఉండాలి. కోట్లు పెట్టి కెమెరా కొనడం సులువే, ఆ తెలివి సంతలో దొరకదు. ఏ దేశం డ్రోన్ గురించి అడిగినా నేను చివరికి ఈ మాట దగ్గరికే వస్తానని మావాళ్లు వెక్కిరిస్తారు.

పైనుంచి చూస్తేనే అర్థమయ్యేవీ ఉంటాయి, అదీ నిజమే. 2024 ఆగస్టు 31న గాలివానకు తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలాయి. రోడ్డు మీద నిలబడ్డవాడికి పడిన చెట్లు కనిపించాయంతే. డ్రోన్ వీడియోల్లో చూస్తేనే గాలి ఏ దారిన పోయిందో గీత గీసినట్టు తెలిసింది.

ఎంత దూరం పోతుంది?

కంపెనీ కాగితం మీద రాసింది మైదానంలో. మధ్యలో గుట్ట వస్తే సిగ్నల్ ఆగిపోతుంది. అందుకే ఎగరేసేవాళ్లు ఎత్తైన చోటు వెతుక్కుంటారు, శత్రువు కూడా ముందు అక్కడే వెతుకుతాడు. చేతి డ్రోన్లకు 10, 15 కిలోమీటర్లు మామూలు. బ్లాక్ హార్నెట్ మూడో రకం రెండు కిలోమీటర్లు, 25 నిమిషాలు.

పైన తిరుగుతుంటే కింద వినిపిస్తుందా?

ఓర్లాన్ లాంటి పెట్రోల్ డ్రోన్ మన తైవాన్ పంపులా మోగుతుంది. బ్యాటరీవి 100 మీటర్ల పైన ఉంటే, ఊళ్లో గాలి, బండ్ల చప్పుడు మధ్య వినడం కష్టం. అడవిలో రాత్రి పూట వినిపిస్తుంది.

జామర్ పెడితే పడిపోతుందా?

పడిపోదు. సినిమాల్లో అలా చూపిస్తారు. జామర్ చేసేది గట్టిగా అరవడం. జాతరలో మైకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు, డ్రోన్‌కు రిమోట్ మాట వినబడదు. అప్పుడు అది తనకు ముందే చెప్పి పెట్టినట్టు చేస్తుంది: గాల్లో ఆగుతుంది, లేదా బయలుదేరిన చోటికి తిరిగొస్తుంది. జీపీఎస్‌ను కూడా మూసేస్తే దారి తెలియక గాలివాటున కొట్టుకుపోతుంది. అమెరికా ఉక్రెయిన్‌కు ఇచ్చిన పాతరకం రావెన్లు జామింగ్‌కు తట్టుకోలేక పనికిరాలేదని 2016లోనే అక్కడివాళ్లు ఫిర్యాదు చేశారు.

దీనికి విరుగుడుగా ఈ మధ్య కొన్ని దాడి డ్రోన్లు వెనక సన్నటి ఫైబర్ తీగ వదులుకుంటూ పోతున్నాయి. గాలిపటం మాంజా అనుకోండి. రేడియోనే లేనప్పుడు జామ్ చేయడానికి ఏముంది? కాకపోతే తీగ చెట్టుకు చిక్కితే అంతే సంగతులు. నా సొంత అనుభవం చెప్పాలంటే, ఏ శత్రువూ లేకుండానే హైటెన్షన్ తీగల దగ్గర నా మొదటి డ్రోన్ దిక్కు తప్పి చెరువులో పడింది. పెళ్లికొడుకు వాళ్లు ఇప్పటికీ ఆ ఊరేగింపు వీడియో అడుగుతుంటారు.

శత్రువు చేతికి చిక్కితే?

విప్పి చూస్తారు, చూసింది చాటుకుంటారు. 2012 డిసెంబర్‌లో ఒక స్కాన్ ఈగిల్‌ను పట్టుకున్నామని ఇరాన్ టీవీలో చూపించింది. అమెరికా నౌకాదళం మాత్రం మావి ఏవీ పోలేదంది. 2022లో ఉక్రెయిన్ సైనికులు పడిపోయిన ఓర్లాన్‌ను కెమెరా ముందు విప్పితే లోపల మామూలు క్యానన్ కెమెరా, పెట్రోల్ ట్యాంకుకు నీళ్ల సీసా మూతలాంటి ప్లాస్టిక్ మూత బయటపడ్డాయి. ప్రపంచమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అందుబాటులో ఉన్న వస్తువుతో పని జరుగుతుంటే అది మెకానిక్ తెలివే. ఆ మూత ఉన్న డ్రోనే ఫిరంగులకు గురి చూపించి ఎంతమంది ప్రాణాలు తీసిందో.

పాకిస్తాన్ పంపిన డ్రోన్లు నిఘావా, దాడివా?

2025 మే 8 రాత్రి 36 చోట్లకు సుమారు 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని మన సైన్యం ప్రకటించింది. టర్కీ సోంగార్ రకమని శిథిలాల తొలి పరీక్షలో తేలిందని చెప్పింది. మన గగనతల రక్షణను పరీక్షించడం, సమాచారం పోగుచేయడం వాటి ఉద్దేశం కావచ్చనీ అంది. ఇది అర్థం కావాలంటే ఊరి కుక్కల సంగతి గుర్తు తెచ్చుకోండి. చీకట్లో ఒక రాయి విసిరితే ఏ వాకిట్లోంచి మొరిగాయో తెలిసిపోతుంది. డ్రోన్ వచ్చినప్పుడు ఏ రాడార్ వెలిగింది, ఏ తుపాకీ పేలింది అన్నదే వాళ్లకు కావాల్సిన ఫొటో. అలా చూస్తే దానికి కెమెరా కూడా అక్కర్లేదు.

డ్రోన్‌కు మనుషులు లొంగిపోయారంటారు, నిజమేనా?

నిజం. 1991 గల్ఫ్ యుద్ధంలో కువైట్‌కు చెందిన ఫైలకా దీవి దగ్గర జరిగింది. అమెరికా యుద్ధనౌక విస్కాన్సిన్ పయొనీర్ అనే డ్రోన్‌తో చూసి పెద్ద ఫిరంగులతో కొట్టేది. ఆ మోత వచ్చిందంటే వెనకాలే గుండ్లు వస్తాయని ఇరాకీ సైనికులకు అర్థమైంది. తర్వాతిసారి డ్రోన్ కనిపించగానే తెల్లగుడ్డలు ఊపారు. పయొనీర్ 200 కిలోల మనిషి, మన చిన్నవాటి లెక్కలోకి రాదు. కానీ కథ బాగుంటుంది కాబట్టి అడిగిన ప్రతివాళ్లకూ చెబుతాను.

ఇలాంటిది నేను కొనుక్కుని ఎగరేయొచ్చా?

సైన్యం రకం అమ్మరు. మామూలు డ్రోన్‌కు 2021 డ్రోన్ రూల్స్ ఉన్నాయి. 250 గ్రాముల దాకా నానో, రెండు కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్. నానోకు, సరదాకు ఎగరేసే మైక్రోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మిగతావాటికి కావాలి. ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వ మ్యాప్ రంగుల్లో చెబుతుంది. పచ్చ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అడగక్కర్లేదు. ఎర్ర జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా లేపకూడదు. ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ఆ మ్యాప్ చూడటం అలవాటు చేసుకోండి. నడుస్తున్న విమానాశ్రయం చుట్టూ 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే పసుపు జోన్, అంటే అనుమతి అడగాల్సిందే. మామునూరులో విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది కాబట్టి, విమానాలు మొదలయ్యాక మన ఊరి మ్యాప్ రంగులు మారతాయి. ఇప్పుడు ఎగరేసే చోటే రేపు తప్పు కావచ్చు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి నుంచి నిషేధించారు. 'దుబాయ్ నుంచి మా బావ తెచ్చాడు' అని నా దగ్గరికి తేవద్దు.

చేనులో తెలియని డ్రోన్ పడి ఉంటే ఏం చేయాలి?

మన దగ్గర అలా పడేది నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఎవరిదో పెళ్లి డ్రోనో, మందు కొట్టేదో. అయినా చేత్తో ముట్టకండి. 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరం మీద పేలుడు పదార్థాలు వేసినవి కూడా చిన్న డ్రోన్లే. అనుమానం లేని డ్రోనైనా, పడినప్పుడు బ్యాటరీ నలిగి ఉంటే పావుగంట తర్వాత కూడా మంట లేవొచ్చు. వరిగడ్డి వాము పక్కన పడితే ఇంకా ప్రమాదం. పిల్లల్ని దూరంగా పంపి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, 100కో 112కో చెప్పండి. పోలీసులు వచ్చి చూశాక, అది ఎవరిదో పెళ్లి డ్రోనే అని తేలితే నా షాపు అడ్రస్ ఇవ్వండి.